టీకా ఖర్చు జీతంలో కోస్తారట, మీరైతే ఒప్పుకుంటారా?

నాలుగోవార్డు
నిన్న సాయంత్రం డ్యూటీలో నాకు సూది గుచ్చుకుంది. రక్తం తీసిన సిరంజిని ట్రేలో పెట్టబోతుంటే పక్క మంచం మీది పెద్దాయన తూలి పడబోయారు. ఒక చేత్తో ఆయన్ని పట్టుకున్నాను. రెండో చేతి చూపుడు వేలిలో సూది దిగింది. గ్లౌజు లోపల ఎర్రచుక్క వ్యాపించడం చూశాకే నొప్పి తెలిసింది. సబ్బుతో కడుక్కుని మళ్లీ పనిలో పడ్డాను.

మాది గుంటూరు జిల్లాలో యాభై పడకల ప్రైవేటు నర్సింగ్ హోమ్. నా జీతం 14,000. చదువుకునే రోజుల్లో హెపటైటిస్-బి (రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్) టీకా రెండు డోసులు వేయించుకున్నాను. మూడోదానికి దాచిన డబ్బు పరీక్ష ఫీజుకు పోయింది, తర్వాత ఆ ఊసే మరిచిపోయాను. పోయిన నెల మా మేనేజరు నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. టీకా కావలసినవాళ్లు పేరు రాయాలట, ఖర్చు జీతంలో కోసుకుంటారట. పదకొండు మంది నర్సుల్లో ముగ్గురే రాశారు. నేను రాయలేదు.

మీరైతే మీ డబ్బుతో వేయించుకుంటారా? ఏ కంపెనీది మంచిది? షాపులో మూడు రకాలు చెప్పారు, మూడు ధరలు.

కృష్ణాతీరం
కంపెనీ సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ఆ రోగి రక్తం పరీక్షకు పంపారా? హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ మూడూ చూడాలి. నీ రక్తం కూడా ఇప్పుడే ఇవ్వు, ఈ రోజు నీకు ఏమీ లేదని కాగితం మీద ఉండాలి. డ్యూటీ మానేసి అయినా వెళ్లు. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాను. కడిగేసుకుని ఊరుకున్నవాళ్లనూ చూశాను, తర్వాత ఏడ్చినవాళ్లనూ చూశాను.

ల్యాబ్_గోపి
అక్క చెప్పినట్టు వెంటనే కదలండి. రోగికి హెపటైటిస్-బి ఉండి, గుచ్చుకున్నవాళ్లకు టీకా రక్షణ లేకపోతే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది 0.3 శాతం. మనవాళ్లు హెచ్‌ఐవీ పేరు చెబితే వణికిపోతారు, దీన్ని మాత్రం పట్టించుకోరు. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతకగలదు.

వ్యాధినిరోధం
నేను సామాజిక వైద్యశాస్త్రం చదివిన డాక్టర్ని. రోగికి హెపటైటిస్-బి పాజిటివ్ అని తేలితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలున్న) ఇంజెక్షన్ కూడా కావాలి. వీలైతే 24 గంటల్లో ఇవ్వాలి, ఏడు రోజులు దాటితే పనిచేస్తుందో లేదో చెప్పలేం. హెచ్‌ఐవీ మందులైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలే గడువు. అవి ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో ఉచితం. రెండు డోసులు ఎప్పుడో పడ్డాయి కాబట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మూడోది వేస్తే చాలు, ఎన్నేళ్ల విరామం వచ్చినా సరే.

నాలుగోవార్డు
రోగి రక్తం ఇప్పుడే పంపించాను. నాదీ ఇచ్చాను. సాయంత్రానికి తెలుస్తుంది. చేతులు వణుకుతున్నాయి.

ఐసీయూ_చంద్ర
ధైర్యంగా ఉండండి చెల్లీ. అడిగిన ప్రశ్నకు నా జవాబు: నేను నా డబ్బుతోనే వేయించుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చివర టైటర్ పరీక్షతో (టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసేది) కలిపి 1,300 దాటలేదు. నెలకు నా బండి పెట్రోలు అంతకంటే ఎక్కువ. ఇంత చిన్న మొత్తానికి యాజమాన్యంతో పోట్లాట ఎందుకని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటాను.

మంచిర్యాల_మల్లిక
చంద్ర గారూ, మీకు బండి ఉంది. మా దగ్గర బస్సు పాసుకు లెక్కలు వేసుకునేవాళ్లున్నారు. 14,000 జీతమంటే రోజుకు 470 లోపే. మీ 1,300 ఆవిడకు దాదాపు మూడు రోజుల కూలి. దానికి తోడు డోసుకో పూట సెలవు. చిన్న మొత్తమో కాదో జీతం చూసి చెప్పాలి.

నేను ఏఎన్ఎంని. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్-బి డోసు వేయించాలని ఊరూరా చెబుతాను. నేను పుట్టింది 1988లో. అప్పటికి ఈ టీకా జాతీయ కార్యక్రమంలో లేనే లేదు. దేశమంతటికీ వచ్చింది 2011 ప్రాంతంలోనే. అంటే ఇప్పుడు వార్డుల్లో పనిచేస్తున్న మనలో ఎక్కువ మందికి చిన్నప్పుడు పడలేదు. నేను వందల మంది పిల్లలకు వేసి, నాకు వేయించుకున్నది ముప్పై దాటాక.

ఐసీయూ_చంద్ర
మల్లిక గారి మాట నిజం. జీతం సంగతి ఆలోచించలేదు.

మందులషాపు_మూర్తి
కంపెనీ గురించి అడిగారు కదా, దానికి నేను చెబుతాను. ముప్పై ఏళ్లుగా దుకాణం నడుపుతున్నాను. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచే వచ్చేది, డోసు ధర వందల్లో ఉండేది. 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చాకే ధర దిగింది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరు మీద పెట్టిన కంపెనీ అది. అప్పట్లో జనం "ఇంత చవకగా ఇస్తున్నారు, పనిచేస్తుందా?" అని అడిగేవారు. ధర తగ్గితే నమ్మకం తగ్గే జబ్బు మనవాళ్లకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

నేను చూసేది పెట్టె మీది పేరు కాదు, పెట్టె ఎక్కడ నిలవ ఉందో అది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే ఆ సీసా పారేయాల్సిందే. మంచి సీసాను ఊపితే పలచని మజ్జిగలా తెల్లగా, సమంగా కలుస్తుంది. గడ్డకట్టి కరిగినదైతే అడుగున రవ్వలు రవ్వలుగా పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన, ఫ్రీజరుకు ఆనించి టీకా పెట్టే దుకాణం అయితే ఎంత ఖరీదైన టీకా అయినా కొనకండి.

ఎర్రమందారం
మూర్తి గారూ, మీ ఫ్రిజ్‌లో పెరుగు ఉండదని నమ్మవచ్చా?

మందులషాపు_మూర్తి
మల్లెపూలు ఒక్క పూట పెట్టనివ్వమని మా ఆవిడ అడిగితే ఒప్పుకోలేదమ్మా. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు.

వ్యాధినిరోధం
మూర్తి గారికి నమస్కారం. ఇంకో మాట కలుపుతాను. మొదటి రెండు డోసులు ఒక కంపెనీవి, మూడోది వేరొకటి అయినా ఫర్వాలేదు. భుజానికే వేయించుకోండి, పిరుదుకు వేస్తే ఈ టీకా సరిగా పట్టదు. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టైటర్ చూసుకోవాలి. 10 mIU/mL గానీ అంతకు పైన గానీ ఉంటే రక్షణ వచ్చినట్టు.

లీడ్స్_నుంచి
ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరగానే సిబ్బంది ఆరోగ్య విభాగానికి పంపారు. హెపటైటిస్-బి, తట్టు, ఆటలమ్మ అన్నింటికీ రక్షణ ఉందా లేదా అని చూశారు. లేనివి వాళ్లే వేశారు, ఒక్క పౌను అడగలేదు. ప్రతి శరదృతువులో ఫ్లూ టీకా కూడా ఉచితమే, ట్రాలీ మీద వార్డుకే తెస్తారు. చేతి పని ఆపకుండానే స్లీవు పైకి లాగుతాం. అయినా వద్దనేవాళ్లు ఇక్కడా ఉన్నారు. డబ్బు అడ్డు తీసేస్తే సగం పని అవుతుంది. మిగతా సగం మాటలతోనే.

గల్ఫ్_గాలి
మస్కట్‌లో ఆరేళ్లు చేశాను. అక్కడికి వెళ్లే ముందు వైద్య పరీక్షలో హెపటైటిస్-బి పాజిటివ్ వస్తే వీసా ఆశ వదులుకోవాల్సిందే. నాతో శిక్షణ పొందిన అమ్మాయికి అలా ఆగిపోయింది. ఆమెకు ఎక్కడ అంటుకుందో ఎవరూ చెప్పలేరు. కానీ తను టీకా వేయించుకోని సంగతి, ఐదేళ్లు క్యాజువాలిటీలో చేసిన సంగతి మాకందరికీ తెలుసు. నాలుగోవార్డు గారూ, మీ మేనేజరు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మూడో డోసు వేయించుకోండి. తర్వాత గొడవ పడదాం.

కృష్ణాతీరం
తర్వాత అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు గాలి గారూ. మనం మన డబ్బు పెట్టుకుంటూ పోతే అదే పద్ధతి అవుతుంది. గ్లౌజులు మనం కొనుక్కుంటున్నామా? టీకా గ్లౌజు లాంటిదే, చర్మం లోపల తొడుక్కునేది. ఆసుపత్రి పనికి ఆసుపత్రే తొడగాలి.

నిజాంపేట_లెక్కలు
నన్ను తిట్టుకోకండి, అటువైపు మాట కూడా వినండి. నేను ఇరవై పడకల ఆసుపత్రిలో ఖాతాలు చూస్తాను. పోయిన ఏడాది తొమ్మిది మందికి మా ఖర్చుతో మొదటి డోసు వేయించాం. మూడో డోసు నాటికి మా దగ్గర మిగిలింది నలుగురు. వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే పక్క వీధి ఆసుపత్రికి వెళ్లిపోతారు. మా డాక్టరు గారు "వాళ్లకు టీకా వేయించడానికి మనమెందుకు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు.

మంచిర్యాల_మల్లిక
ఆయన చెడ్డవారని ఎవరూ అనలేదు. పక్క వీధి ఆసుపత్రి నుంచి మీ దగ్గరికి వచ్చే నర్సు కూడా అక్కడి డోసులు ఒంట్లో పెట్టుకునే వస్తుంది కదా. అందరూ వేయిస్తే ఎవరికీ నష్టం లేదు. అందరూ ఎగ్గొడితే మాత్రం వెళ్లే నర్సుకూ వచ్చే నర్సుకూ రక్షణ ఉండదు.

ల్యాబ్_గోపి
దయాదాక్షిణ్యాల మాట పక్కన పెట్టండి, ఇది చట్టంలోనే ఉంది. బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016. నాలుగో నియమంలో ఆసుపత్రి యజమాని బాధ్యతలు రాశారు. ఆరోగ్య సిబ్బందికీ, వ్యర్థాలు ముట్టుకునే ఇతరులకూ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడూ, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా ఆరోగ్య పరీక్ష చేయించాలి. పడకల సంఖ్యతో దీనికి మినహాయింపు లేదు. సూది గుచ్చుకున్న ప్రమాదాలకు కూడా నమోదు ఉండాలి. నాలుగోవార్డు గారూ, నిన్నటి సంగతి రిజిస్టరులో రాయించారా?

నాలుగోవార్డు
లేదు. అలాంటి రిజిస్టరు ఒకటి ఉంటుందని కూడా తెలియదు.

నిజాంపేట_లెక్కలు
గోపి గారూ, నియమం సంఖ్యతో సహా చెప్పినందుకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. రేపు డాక్టరు గారి బల్ల మీద పెడతాను. ఆయన కాగితాన్ని గౌరవిస్తారు.

ఎర్రమందారం
నాది వేరే అనుభవం. కోవిడ్ రోజులు. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు ఆరోగ్య సిబ్బందికి ఉచితం కదా. ఏప్రిల్ మొదటి వారం నుంచి ఆ కోటాలో కొత్త పేర్ల నమోదు ఆపేశారు. నేను చదువు ముగించి జూన్‌లో కోవిడ్ వార్డులో చేరాను. కంప్యూటర్ లెక్కలో నేను ఆరోగ్య సిబ్బందిని కాదు, మామూలు పౌరురాలిని. ప్రభుత్వ కేంద్రంలో వరుస చూసి భయపడి, ప్రైవేటులో 780 కట్టి కోవిషీల్డ్ వేయించుకున్నాను. పీపీఈ కిట్టు లోపల చెమటతో తడిసి పనిచేసే మనిషి తన టీకా తాను కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ రసీదు ఇప్పటికీ దాచుకున్నాను.

గల్ఫ్_గాలి
780 అప్పటి గరిష్ఠ ధర. కోవాగ్జిన్ అయితే 1,410.

ఐసీయూ_చంద్ర
ఆ రోజుల్లో మా ఐసీయూలో పెద్ద చర్చ జరిగేది, ఏది వేయించుకోవాలని. మొదటి రోజుల్లో మనకు ఎంచుకునే వీలు లేదు, కేంద్రంలో ఏది ఉంటే అది. కోవాగ్జిన్‌కు మొదట్లో అంగీకార పత్రం మీద సంతకం తీసుకునేవారు, మూడో దశ ప్రయోగాల ఫలితం ఇంకా రాలేదు కాబట్టి. ఆ సంతకం దగ్గరే మా సీనియర్ డాక్టరు ఒకరు వెనక్కి తగ్గారు. ఇంకో నర్సమ్మ "మన హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైంది, నాకు అదే కావాలి" అని రెండు రోజులు ఆగి వేయించుకుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే.

లీడ్స్_నుంచి
విదేశాలకు వెళ్లాలనుకున్నవాళ్లకు లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను గుర్తించింది 2021 నవంబరు 3న. అంతవరకు దాన్ని వేయించుకున్న మా స్నేహితురాళ్లు ప్రయాణం ఎలాగా అని మథనపడ్డారు. అందుకే మా బ్యాచ్ అంతా కోవిషీల్డ్ కోసం వెతికాం. ఏది ఎక్కువ రక్షణ ఇస్తుందని ఒక్కరం కూడా అడగలేదు, ఏ ధ్రువపత్రం చెల్లుతుందనే అడిగాం.

వ్యాధినిరోధం
ఈ ముక్క చాలా ముఖ్యం. "ఎంత ఇస్తారు, ఏది కోరుకుంటారు" అని ఆరోగ్య సిబ్బందిని అడిగితే జవాబులో ధర ఒక భాగమే. ఎన్ని డోసులు, ఎన్నిసార్లు సెలవు పెట్టాలి, జ్వరం వస్తే మరునాడు డ్యూటీకి ఎవరు వస్తారు, ఎవరు ముందు వేయించుకున్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి. టీకా పడ్డ మరునాడు సెలవు ఇవ్వని ఆసుపత్రిలో ఉచిత టీకా కూడా ఉచితం కాదు.

ఫ్లూ టీకా చూడండి. ఏటా వైరస్ రకాలు మారతాయి కాబట్టి ఏటా వేయించుకోవాలి, ధర కూడా తక్కువేమీ కాదు. తమ డబ్బుతో ఏటా వేయించుకునే స్టాఫ్ నర్సును నేను ఇంతవరకు చూడలేదు. ఊపిరితిత్తుల వార్డులో పనిచేసేవాళ్లకు అది కావాలి.

ఆయాగారి_అబ్బాయి
చదువుతూ వస్తున్నాను. అందరూ నర్సుల గురించి, డాక్టర్ల గురించి మాట్లాడుతున్నారు. మా అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా ఆయా. ఆసుపత్రి వ్యర్థాలు నింపే పసుపు సంచులు, ఎర్ర సంచులు మోసేది ఆమె. సూది డబ్బాలో వేయకుండా ఎవరో సంచిలో పడేస్తే అది గుచ్చుకునేది ఆమె తొడకు. రెండుసార్లు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, చెబితే పనిలోంచి తీసేస్తారని. రెండోసారి నేను ఇంట్లో చీర మీద రక్తపు మరక చూసి అడిగితే "మేకు తగిలింది" అంది.

మీ ఆసుపత్రుల్లో పేరు రాయమని కాగితం పెట్టినప్పుడు ఆయాల పేర్లు అందులో ఉన్నాయా? మా అమ్మకు చదవడం రాదు. నోటీసు బోర్డు ఆమెకు గోడే.

కృష్ణాతీరం
నాన్నా, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వార్డులోనూ కాంట్రాక్టు పారిశుద్ధ్య సిబ్బంది టీకా సంగతి నేను ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ.

ల్యాబ్_గోపి
నేను చెప్పిన నియమంలో "వ్యర్థాలు ముట్టుకునే ఇతరులకూ" అన్న మాట సరిగ్గా మీ అమ్మగారి కోసమే రాసింది తమ్ముడూ. కాంట్రాక్టరు మనిషి అని తప్పించుకోవడానికి లేదు. ముందు అమ్మగారికి రక్త పరీక్ష చేయించు, ఫలితం నెగటివ్ వస్తే టీకా మొదలుపెట్టవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి టీకా కూడా ఉంది. జిల్లా ఆసుపత్రిలో అడుగు.

నాలుగోవార్డు
ఫలితం వచ్చింది. రోగికి హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్-సి లేదు. హెపటైటిస్-బి పాజిటివ్. నాకు అన్నీ నెగటివ్.

కృష్ణాతీరం
ఇమ్యునోగ్లోబ్యులిన్. ఇప్పుడే. ఎక్కడ ఉన్నావు? నాకు విడిగా సందేశం పెట్టు.

మందులషాపు_మూర్తి
గుంటూరులో దొరికే చోటు నేను ఫోన్ చేసి కనుక్కుంటాను. ఐస్ డబ్బాలో పెట్టి తీసుకెళ్లమని మీ వాళ్లకు చెప్పండి.

నాలుగోవార్డు
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. కృష్ణాతీరం అక్క ఆ సాయంత్రం ఫోనులో నాతోనే ఉంది. మూర్తి గారు చెప్పిన చోటికి మా అన్నయ్య వెళ్లి తెచ్చాడు. వేల రూపాయలు, చేబదులు చేసి. గుచ్చుకుని 24 గంటలు నిండడానికి ఇంకో గంట ఉందనగా ఇంజెక్షన్ పడింది. రెండో భుజానికి టీకా మూడో డోసు. ఆ ఇంజెక్షన్ ప్రభావం ఉంటుంది కాబట్టి టైటర్ ఇప్పుడు చూస్తే తప్పు ఫలితం వస్తుందట, ఆరు నెలలు ఆగి అన్ని పరీక్షలూ చేయించుకోమన్నారు.

నిన్న గోపి గారు చెప్పిన నియమం అచ్చు తీసుకుని, అన్నయ్య ఇచ్చిన రసీదు దానికి పిన్ను చేసి మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయమేసింది, మిగతా పది మంది నర్సులూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన రెండుసార్లు చదివారు. ఒక నర్సుకు ప్రమాదం జరిగాక అయిన ఖర్చుతో నర్సులందరికీ మూడేసి డోసులు వచ్చేవని నేనే లెక్క వేసి చూపించాను. రసీదు డబ్బు ఇస్తామన్నారు. జీతంలో కోత కాగితం తీసేశారు. ప్రమాదాల రిజిస్టరు తెరిచారు, అందులో మొదటి పేరు నాది.

ఐసీయూ_చంద్ర
చెల్లీ, పోట్లాట ఎందుకని అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిజాంపేట_లెక్కలు
మా డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు. మధ్యలో మానేసి వెళ్లేవాళ్లకు డోసుల వివరాలతో కార్డు ఇచ్చి పంపాలని ఆయనే అన్నారు, కొత్త చోట మళ్లీ మొదలుపెట్టకుండా.

ఆయాగారి_అబ్బాయి
నాలుగోవార్డు అక్కా, మీ ఆయాలు?

నాలుగోవార్డు
అదే రాయబోతున్నాను తమ్ముడూ. కొత్త జాబితాలో పదహారు పేర్లున్నాయి. పదకొండు మంది నర్సులం, ఐదుగురు ఆయాలు. కాగితం గోడకు పెట్టలేదు. నేనూ ఇంకో నర్సూ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి చెప్పాం. ఒకావిడ "నాకెందుకమ్మా, నేను ఇంజెక్షన్లు చేయను కదా" అంది. నా వేలు చూపించి, సంచి సంగతి చెప్పాను. మంగళవారం పొద్దున షిఫ్టు మారే వేళ రక్తం తీస్తారు, టీకా కూడా అప్పుడే మొదలు. మీ అమ్మగారి పరీక్ష అయ్యిందా?

ఆయాగారి_అబ్బాయి
నెగటివ్. మొదటి డోసు ఇవాళ పడింది. భుజం నొప్పిగా ఉందని అంటోంది కానీ రేపు డ్యూటీకి వెళ్తానంటోంది. వెళ్లనివ్వను.